ఏడిళ్ళు తిరిగే పిల్లి, యాభై రోజుల సెలవులు

ఏప్రిల్ నెలాఖరు వస్తే మా స్టాఫ్ రూములో రెండే ప్రశ్నలు వినిపిస్తాయి. సెలవులు ఎప్పటినుంచి? బదిలీల జాబితా ఎప్పుడు? నేను ఉద్యోగంలో చేరి పన్నెండేళ్ళయింది. ఇది నా ఆరో ఊరు. మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా, "పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు తిప్పుతున్నారే నిన్ను. ఇంకొక్క ఇల్లు మిగిలింది" అంటుంది.

ఈ బడిలో చదివే మీలో చాలామందిదీ ఇదే కథ. నాన్న సైన్యంలోనో, రైల్వేలోనో, బ్యాంకులోనో పనిచేస్తారు. సెలవులివ్వగానే అమ్మమ్మ ఊరికి వెళ్ళేవాళ్ళు కొందరు. సెలవు దొరకకో, రైలు టికెట్లు దొరకకో క్వార్టర్లలోనే ఉండిపోయేవాళ్ళు కొందరు. బడి తెరిచాక "వేసవి సెలవులు ఎలా గడిపారు?" అని వ్యాసం రాయమంటే, "మేడమ్, మేము ఎక్కడికీ వెళ్ళలేదు. ఏం రాయాలి?" అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. ఈ వ్యాసం వాళ్ళ కోసం.

ఆరు ఊళ్ళలో నేను గమనించింది ఒకటే. వేసవిలో నిజంగా హాయినిచ్చేవి ఎక్కడికి బదిలీ అయినా దొరుకుతాయి. వాటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. కాస్త తెలిసి ఉండాలి, కాస్త ఓపిక ఉండాలి. అలాంటివి మూడు చెబుతాను. ఒకటి కుండ, రెండు చెరువు గట్టు, మూడు పిల్లి కూన.

కుండలోని నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?

ఏ ఊరు వెళ్ళినా నేను మొదట కొనేది మట్టికుండ. భోపాల్‌లో నా కుండలో నీళ్ళు మే నెల మధ్యాహ్నం కూడా గొంతు జివ్వుమనేలా ఉండేవి. తర్వాత అస్సాంకు బదిలీ అయింది. అక్కడా కుండ కొన్నాను, అక్కడా కిటికీ పక్కనే పెట్టాను. నీళ్ళు అంతంతమాత్రంగానే చల్లబడేవి. కుండ మంచిది కాదేమో అనుకుని ఇంకొకటి కొన్నాను. అదీ అంతే.

తప్పు కుండది కాదు. మట్టికుండకు కంటికి కనపడని సన్నని రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు కొద్దికొద్దిగా బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం కుండలో మిగిలిన నీటి నుంచే వస్తుంది. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి దాని నుంచి ఒక్క కేలరీ తీస్తే చాలు. అంటే ఒక్క గ్రాము నీరు ఆవిరై పోతూ 58 గ్రాముల నీటిని పది డిగ్రీలు చల్లబరచగలదు. కుండ కాస్త ఖర్చుపెట్టి చాలా సంపాదిస్తుందన్నమాట.

అయితే ఆవిరి కావాలంటే గాలిలో దానికి చోటుండాలి. భోపాల్ వేసవి గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీరు వేగంగా ఆవిరవుతుంది. అస్సాం గాలిలో తేమ ముందే నిండి ఉంటుంది. మన దగ్గరా ఇంతే. కర్నూలులో కుండ చల్లబరచినంతగా విశాఖపట్నంలో చల్లబరచదు. ఒంటి చెమట ఆరకపోవడానికీ, ఉక్కపోతకూ కారణం ఇదే.

సెలవుల్లో చేసి చూడటానికి ఇది మంచి ప్రయోగం. ఒకే కొలత నీళ్ళు ఒక స్టీలు గిన్నెలోనూ ఒక మట్టిపాత్రలోనూ పోసి నీడలో పెట్టండి. గంటగంటకూ థర్మామీటరుతో చూసి రాసుకోండి. జ్వరం చూసేది కాదు, ప్రయోగశాలలో వాడేది కావాలి. మరో ఊళ్ళో ఉన్న స్నేహితుడిచేత కూడా అదే చేయించండి. రెండు కాగితాలు పక్కపక్కన పెడితే రెండు ఊళ్ళ వాతావరణం తెలుస్తుంది.

చెరువు గట్టున సాయంత్రం

నేను పనిచేసిన ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక నీటి ఒడ్డు ఉంది. భోపాల్‌లో బడా తాలాబ్. చెరువంటే భోపాల్ చెరువే, మిగతావన్నీ కుంటలే అని అక్కడివాళ్ళ నానుడి. పదకొండో శతాబ్దంలో భోజరాజు కట్టించాడని చెబుతారు. నేటికీ ఆ నగరం దాని నీళ్ళు తాగుతుంది. 2002లో దాన్ని అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. మన కొల్లేరు కూడా ఆ ఏడాదే ఆ జాబితాలో చేరింది. చండీగఢ్‌లోని సుఖ్నా సరస్సు 1958లో ఒక వాగుకు అడ్డుకట్ట వేస్తే ఏర్పడింది. మణిపూర్‌లోని లోక్‌టక్ సరస్సులో గడ్డీ వేళ్ళూ మట్టీ కలిసి తేలే దిబ్బలవుతాయి. వాటిని అక్కడ ఫుమ్డీలంటారు. ఇక ఓరుగల్లు వైపు వెళితే, కాకతీయుల కాలంలో తవ్వించిన పాకాల, రామప్ప చెరువులు ఇప్పటికీ పొలాలను తడుపుతున్నాయి.

సాయంత్రం చెరువు గట్టు ఎందుకు చల్లగా ఉంటుంది? నేల త్వరగా వేడెక్కుతుంది. నీరు నిదానంగా వేడెక్కుతుంది. అందుకే ఎండ దిగాక కూడా ఊళ్ళో గోడలూ రోడ్లూ సెగలు కక్కుతుంటే చెరువు నీరు మాత్రం అంత వేడిగా ఉండదు. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. ఆ ఖాళీలోకి నీటి మీది చల్లగాలి వీస్తుంది. సముద్రం ఒడ్డున వీచే గాలికీ ఇదే కారణం. చెరువు చిన్నదైతే గాలీ చిన్నగా ఉంటుంది, అంతే తేడా.

గట్టుకు వెళ్ళి ఊరికే కూర్చోవడమూ మంచిదే. అయితే మూడు విషయాలు చూడండి. మొదటిది, చెరువును ఎలా కట్టారో చూడండి. నీటిని ఆపేది కట్ట. పొలాలకు నీరు వదిలేది తూము. చెరువు నిండితే కట్ట తెగకుండా నీరు పొర్లిపోయేది అలుగు. తెలంగాణలో దాన్నే మత్తడి అంటారు. ఈ మూడూ ఎక్కడున్నాయో కనిపెట్టండి. రెండోది, పక్షులను చూడండి. వేసవిలో నీరు తగ్గి చేపలన్నీ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి. కొంగలకు అది పండగ. మునుగుడు కోడి బుడుంగున మునిగి ఎంతసేపటికి ఎక్కడ తేలుతుందో లెక్కపెట్టడం మా తరగతి పిల్లలకు మంచి ఆట. మూడోది, ఎండిన అంచున నల్లగా పగిలిన మట్టిని చూడండి. అది వానలకు పొలాల నుంచి కొట్టుకొచ్చిన సారం. ఆ పూడిక తీసి తిరిగి పొలాలకు తోలితే చెరువుకు లోతు పెరుగుతుంది, పొలానికి బలం వస్తుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ ఈ పనినే పెద్ద ఎత్తున చేపట్టింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గట్టు హాయి గట్టుదే, నీటిలోకి దిగకండి. మట్టి తవ్విన చోట గుంటలుంటాయి. మోకాలి లోతు అనుకున్న నీరు ఒక్క అడుగు ముందుకేస్తే తలమునకలవుతుంది. అడుగున బంకమట్టిలో కాలు దిగబడితే ఈత వచ్చినవాళ్ళకూ కష్టమే. ప్రతి వేసవిలోనూ చెరువుల్లో పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు మునగడం వాటిలో తరచుగా కనిపిస్తుంది. మీ స్నేహితుడు మునుగుతుంటే మీరు దూకవద్దు. కేకలు వేసి పెద్దవాళ్ళను పిలవండి. పొడవైన కర్రో, తాడో, చున్నీయో అందించండి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ క్యాను విసిరినా అది తేలుతూ అతన్ని కాస్త ఆపుతుంది. వెంటనే 112కు ఫోన్ చేయించండి. చెరువుకు ఎప్పుడూ పెద్దవాళ్ళతోనే వెళ్ళండి.

మెట్ల కింద మూడు కూనలు

భోపాల్‌లో ఉండగా ఒక వేసవిలో నేను ఊరికి వెళ్ళలేదు. ఏడో తరగతి చదివే అమ్మాయి ఒకతె మధ్యాహ్నం ఎండలో చెప్పుల పెట్టె పట్టుకుని మా తలుపు కొట్టింది. పెట్టెలో మూడు పిల్లి కూనలు. "మా బ్లాకు మెట్ల కింద పాత కూలరు వెనకాల ఉన్నాయి మేడమ్. వాళ్ళమ్మ లేదు. పాలు పడదామా?" అంది.

ఆ మాట వినగానే నాకు మా అమ్మమ్మ ఊరు గుర్తొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. గడ్డివాములో రెండు కూనలు కనపడితే ఎత్తుకొచ్చి, గేదెపాలు మూతలో పోసి మూతులు ముంచి తాగించాను. ఎంతో బాగా చూసుకుంటున్నానని అనుకున్నాను. వాటికి విరేచనాలు పట్టుకున్నాయి. మూడో రోజుకు రెండూ పోయాయి. అమ్మమ్మ నన్నేమీ అనలేదు. వేపచెట్టు కింద గుంట తీసి, "తల్లి వెతుక్కుంటూ వచ్చిందేమో రాత్రి" అని మాత్రం అంది. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే ఆ అమ్మాయికి మొదట చెప్పింది, "వీటిని ఎక్కడ తీశావో అక్కడే పెట్టి వద్దాం పద" అని.

తల్లి కనపడనంత మాత్రాన తల్లి లేదని కాదు. అది తిండి కోసం వెళ్ళి ఉండొచ్చు. ఒక చోటు నుంచి ఇంకో చోటికి కూనలను మారుస్తూ మధ్యలో ఉండొచ్చు. అమ్మ చెప్పే ఏడిళ్ళ సామెతకు మూలం అదే. వాసన పట్టి శత్రువులు రాకుండా, సందడి లేని చోటు కోసం పిల్లి తన పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరిచి వేరే చోటికి తీసుకుపోతుంది. మెడ వెనక చర్మం పట్టుకోగానే కూన కదలకుండా ముడుచుకుంటుంది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది, పిల్లికూన అంతా తల్లికే వదిలేస్తుంది. మన పెద్దలు మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అని చెప్పింది దీన్ని చూసే. మనుషులు తాకితే తల్లి కూనలను వదిలేస్తుందని కొందరంటారు. సాధారణంగా అలా జరగదు. కాని మనం దగ్గరే నిలబడి ఉంటే అది రావడానికి భయపడుతుంది.

మేము పెట్టె అక్కడే పెట్టి పై మెట్ల మీద చప్పుడు చేయకుండా కూర్చున్నాం. చీకటి పడ్డాక బూడిదరంగు పిల్లి వచ్చింది. ఒక కూనను కరుచుకుని వెళ్ళింది. అరగంటకు వచ్చి రెండోదాన్ని తీసుకెళ్ళింది. మూడోదాని కోసం రాత్రి పది దాకా చూశాం. రాలేదు. పొద్దున్నే వెళ్ళి చూస్తే అది అక్కడే ఉంది. ముట్టుకుంటే చల్లగా ఉంది.

మే నెలలో చలి ఏమిటనుకున్నాను. దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళితే డాక్టరుగారు చెప్పారు. పుట్టిన మొదటి వారాల్లో కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి ఒడి, తోబుట్టువుల ఒళ్ళు దానికి దుప్పటి. మనకు వెచ్చగా ఉన్న రాత్రి, ఖాళీ కడుపుతో ఒంటరిగా ఉన్న కూనకు చలిరాత్రే. ఆయన చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకున్నవి కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వయసు ఇలా గుర్తుపట్టాలి. కళ్ళు మూసుకుని ఉంటే వారం లోపు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్ళు తెరుచుకుంటాయి. మూడు వారాలకు చెవులు నిక్కబొడుచుకుని, తడబడుతూ నడుస్తుంది, చిన్న పళ్ళు వస్తాయి. నాలుగైదు వారాలకు మెత్తని తిండి మొదలుపెట్టొచ్చు. ఎనిమిది వారాలకు తానే తింటుంది. మా కూనకు అప్పుడే కళ్ళు తెరుచుకున్నాయి. అంటే సుమారు పది రోజులు.

ముందు వెచ్చదనం, తర్వాతే పాలు. చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు. వేడినీళ్ళ సీసాకు బట్ట చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టాలి. వేడి ఎక్కువైతే జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి.

ఆవుపాలు, గేదెపాలు వద్దు. తల్లిపిల్లి పాలలో ఉండే మాంసకృత్తులు, కొవ్వు వేరు. మన పాలలోని చక్కెర కూనకు సరిగా అరగక విరేచనాలవుతాయి. చిన్న ఒళ్ళు కాబట్టి ఒక్క రోజులోనే నీరంతా పోతుంది. నేను తొమ్మిదేళ్ళప్పుడు చేసిన తప్పు ఇదేనని ఇరవై ఏళ్ళు దాటాక అర్థమైంది. పిల్లి కూనల కోసం తయారుచేసిన పాలపొడి పశువుల మందుల దుకాణాల్లో దొరుకుతుంది. గోరువెచ్చగా కలిపి చిన్న సీసాతో పట్టాలి. కూన బోర్లా పడుకుని తలెత్తి తాగాలి. మన పసిపాపలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండో వారంలో మూడు నాలుగు గంటలకొకసారి, రాత్రి కూడా పట్టాలి. తాగాక తడి దూదితో పొట్ట కింద, తోక కింద మెల్లగా తుడవాలి. తల్లి నాకితేనే అవి మలమూత్రాలు విడుస్తాయి. ఆ పని మనం చేయాలి.

నాలుగు వారాల తర్వాత ఉప్పూ కారమూ లేకుండా ఉడికించిన కోడిమాంసం మెత్తగా చేసి పెట్టొచ్చు. శాకాహారుల ఇళ్ళలో పెరుగన్నంతో సరిపెడతారు. పిల్లి పూర్తిగా మాంసాహారి. కంటిచూపుకూ గుండెకూ అవసరమైన టారిన్ దానికి మాంసం నుంచే రావాలి. మాంసం వండని ఇంట్లో కూనల కోసం దుకాణంలో అమ్మే తిండి పొట్లం తెచ్చి పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుంది. కూన పడుకునే చోట ఫినాయిల్‌తో తుడవకూడదు.

మీ జాగ్రత్త కూడా ముఖ్యం. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. గీరినా కరిచినా దాచకండి. ధారగా పడే నీటికింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే అమ్మానాన్నలతో ఆసుపత్రికి వెళ్ళండి. రేబిస్ పిల్లి వల్ల కూడా వస్తుంది. వచ్చాక దాదాపుగా బతకరు, టీకాతో ముందే ఆపవచ్చు. తిడతారని భయపడి దాచడమే ప్రమాదం.

సెలవులు అయిపోయాక

ఆ కూనను మేమిద్దరం వంతులు వేసుకుని పెంచాం. పగలు ఆ అమ్మాయి, రాత్రి నేను. వంటింటి తూకం మీద రోజూ పెట్టి, బరువు ఒక నోటుపుస్తకంలో రాసేది. రోజుకు పది పదిహేను గ్రాములు పెరిగితే బాగున్నట్టు. ఒకరోజు పెరగకపోతే తనకు అన్నం సయించేది కాదు.

జూన్ మూడో వారంలో వాళ్ళ నాన్నగారికి బదిలీ ఉత్తర్వు వచ్చింది. చాలా దూరం. సామాను లారీలో, వాళ్ళు రైల్లో. తను వచ్చి మెట్ల మీద కూర్చుంది. "ఇంకెప్పుడూ దేన్నీ పెంచను మేడమ్. ఎలాగూ వదిలేసి పోవాలి కదా" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే ఆ మాట నేనూ అనుకున్నదే. ప్రతి ఊళ్ళోనూ మొక్కలు పెంచి, చెట్లయ్యే లోపు వెళ్ళిపోయినదాన్ని. చివరికి తన నోటుపుస్తకమే తెరిచి లెక్క చూపించాను. కూన దొరికినప్పుడు పది రోజులు. మన సెలవులు యాభై రోజులు. మొత్తం అరవై, అంటే ఎనిమిది వారాలు దాటాయి. తల్లిపిల్లి కూడా పాలు మాన్పించి పిల్లల్ని వాటి దారికి వదిలే వయసు అది. "దానికి నీ అవసరం ఉన్న రోజులన్నీ నువ్వు ఉన్నావు" అన్నాను.

అయితే వదిలి వెళ్ళడం వేరు, పారేసి వెళ్ళడం వేరు. క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు పిల్లినో కుక్కనో గేటు బయట దింపి పోయేవాళ్ళను చూస్తుంటాం. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ప్రాణుల పట్ల దయ చూపడం మన రాజ్యాంగంలోని 51ఎ అధికరణం చెప్పిన ప్రాథమిక విధి. దీన్ని 1976లో 42వ సవరణతో చేర్చారు. సాంఘికశాస్త్రం పుస్తకంలో మీరు మార్కుల కోసం చదివే వాక్యమే. అది మెట్ల కింద ఇలా ఎదురవుతుంది.

మేము ఆ వారం రోజులూ కూనకు ఇల్లు వెతికాం. క్యాంటీన్ నడిపే అవ్వ తీసుకుంటానంది. ఎనిమిది వారాలకు వేయాల్సిన మొదటి టీకా వేయించి, మూడు నెలలకు రేబిస్ టీకా, ఐదారు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని కాగితం మీద రాసిచ్చాం. బరువుల నోటుపుస్తకం కూడా ఆ అమ్మాయి అవ్వకే ఇచ్చింది. అవ్వకు చదవడం రాదు. అయినా దాన్ని గల్లాపెట్టె మీద పెట్టుకుంది.

పిల్లలూ, ఈ సెలవుల్లో మీరు ఎక్కడికీ వెళ్ళకపోయినా ఫరవాలేదు. ఒక కుండ కొనిపించుకోండి. పెద్దవాళ్ళతో కలిసి మీ ఊరి చెరువు గట్టున ఒక సాయంత్రం కూర్చోండి. గోడ నీడలో ఒక మట్టిమూకుడు నీళ్ళు పెట్టి రోజూ మార్చండి. కూన కనపడితే ఎత్తుకోకుండా ముందు దూరం నుంచి చూడండి, తల్లికి అవకాశమివ్వండి. నిజంగానే ఎవరూ లేకపోతే అమ్మానాన్నలకు చెప్పి, ఎనిమిది వారాల పని అని తెలిసి మొదలుపెట్టండి.

మన బదిలీలు ఆగవు. ఈసారి జాబితాలో నా పేరు ఉందో లేదో ఇంకా తెలియదు. ఉంటే అది ఏడో ఇల్లు. అక్కడా ఒక కుండ కొంటాను, చెరువు ఎటుందో అడుగుతాను, మెట్ల కింద ఒకసారి తొంగి చూస్తాను.